ఏడు నుంచి ముప్పై నాలుగు దాకా

మార్చి 3

వదినకు,

ఇది క్షేమసమాచారాల ఉత్తరం కాదు, తిట్ల ఉత్తరం. కూర్చుని చదువు.

పోయిన నెల వచ్చినప్పుడు నీ చేతి నుంచి ఒక ట్యూబు రక్తం తీసుకున్నాను కదా. "ఇక్కడి దోమలకే చాలడం లేదు, మధ్యలో నువ్వొకత్తెవా" అన్నావు. దాన్ని మా ల్యాబ్‌లో కొత్త మిషన్ మీద పెట్టి విటమిన్ డి చూశాను. ముప్పై ఉంటే మంచిది. ఇరవై ఉన్నా సరిపెట్టుకోవచ్చు. నీకు ఏడు ఉంది. నెలల తరబడి మంచం దిగని ముసలివాళ్ల రక్తం రోజూ చూస్తుంటాను, వాళ్లకే తొమ్మిదో పదో ఉంటుంది. పదిహేనేళ్లుగా కిటికీ లేని ఆ నూలు పరీక్ష గదిలో కూర్చుని కూర్చుని నువ్వు కూడా నూలు కండెలా తెల్లబడ్డావు. పొద్దున చీకటితో వెళ్తావు, సాయంత్రం నీడపడ్డాక వస్తావు. ఎండ అనేది ఒకటుందని నీకు ఎవరు చెప్పాలి?

ఇదంతా ఎందుకు మొదలైందంటే, మా పెద్ద డాక్టరు ఒక కాగితం తెచ్చి మా అందరి చేత చదివించారు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లలో చాలామందికి ఈ విటమిన్ తక్కువగా ఉంటోందట. రెండింటికీ లంకె ఉండొచ్చని కొందరు, అదేం లేదని కొందరు. "ఉండొచ్చు అనే మాటకీ ఉంది అనే మాటకీ మధ్య ఇరవై ఏళ్ల పని ఉంటుంది, తొందరపడకండి" అన్నారాయన. ఆయనకేం, ఆయన అమ్మ పోయింది దానితో కాదు. మా అమ్మ నలభై ఆరేళ్లకు పోయింది. నాకిప్పుడు ముప్పై ఎనిమిది. స్నానం చేసేటప్పుడల్లా నా వేళ్లు వాటంతటవే వెతుకుతుంటాయి. ఆ "ఉండొచ్చు" చాలు నాకు నిద్ర పాడవడానికి. నా అంకె పదకొండు.

నా అంకె పక్కన పెట్టి చూసుకోవడానికి ఇంట్లో ఆ భయం లేని ఆడమనిషి ఒకరు కావాలి, నువ్వు దొరికావు. మా అమ్మ రక్తం నీలో లేదు, కాబట్టి నీకేం భయం లేదు. భయమంతా నాది. కానీ ఏడు ఏడే. ఎముకలు గుల్లబారతాయి. మధ్యాహ్నం అన్నాల వేళ అరగంట ఎండలో కూర్చో. మిల్లు డిస్పెన్సరీలో అడిగి వారానికొక గుళిక వేసుకో. వాళ్ల శాంపిళ్ల పెట్టె ప్రతి మంగళవారం మా ల్యాబ్‌కే వస్తుంది. మూడు నెలలకోసారి అందులో నీ ట్యూబు కూడా పెట్టించు.

ఫోనులో చెప్పొచ్చు. కానీ నువ్వు ఒక్క ముక్క వినపడకుండానే అన్నిటికీ "సరే సరే" అంటావు. కాగితమైతే తప్పించుకోలేవు. అన్నయ్యను అడిగానని చెప్పు.

పిచ్చుక


మార్చి 14

పిచ్చుకకు,

తిట్లు అందాయి. పదకొండేళ్లప్పుడు నీ తలలో పేలు దువ్విన చెయ్యి ఇది, దాన్ని పట్టుకుని నన్నే దబాయిస్తున్నావు. గుడ్డు వచ్చి పిల్లను వెక్కిరించిందని ఊరికే అనలేదు.

కానీ నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి గదిలో, పని మధ్యలో, సూపర్‌వైజర్ చూడకుండా. చదువుకోని దాన్నని నువ్వనుకుంటావు గానీ నాకు ఇట్టే అర్థమైంది, ఎందుకంటే మా పనీ అదే. మా గదిలో తేమ అరవై ఐదు ఉండాలి. గోడ మీద మీటరు ఉంటుంది. ముల్లు యాభైకి దిగిందా, నూలు పెళుసెక్కి పటుక్కున తెగుతుంది. అప్పుడు నీళ్ల తుంపర వదులుతాం. ముల్లు అరవై ఐదుకి ఎక్కుతుంది, తెగడం ఆగుతుంది. కారణం చెప్పమని ఏ ఇంజనీరూ నన్ను అడగలేదు. ముల్లు పైకి వస్తే నూలు బాగుపడుతుంది, అంతే. మనిషి ఒళ్లు కూడా ఇంతేనన్నమాట.

నా చెవుల సంగతి ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. ఈ గదికి రాకముందు తొమ్మిదేళ్లు కదుళ్ల హోరులో పనిచేసినప్పుడు పోయిన వినికిడి వల్ల లాభమే ఎక్కువ. మీ అన్నయ్య గురక నాకు వినపడదు. ఆయన ఉలీ సుత్తీ వినపడవు. వడ్రంగిని కట్టుకున్నదానికి ఇంతకంటే వరం ఏముంది?

ఒక్క సందేహం. నాకు కాదు. మా సెక్షన్‌లో ఒక ఆవిడ ఉంది. ఆవిడకు ఎడమ రొమ్ములో, కింద, లోపలి పక్కన, గడ్డ చేతికి తగులుతోందట. బఠాణీ గింజంత. నొప్పి లేదు. నొక్కితే పక్కకు జరగదు. కిందటి నవంబర్ నుంచి ఉందట. అంకె పెంచుకుంటే అది కరుగుతుందా అని అడగమంది. ఎవరికీ చెప్పొద్దంది, అందుకే పేరు రాయడం లేదు. తొందరేం లేదు, తీరిక చూసుకుని రాయి.

రేపటి నుంచి ఎండ. మిల్లు వెనక దూది బేళ్లు దింపే వాకిట్లో గోడవార చోటుంది.

వదిన


మార్చి 27

వదినకు,

తొందరేం లేదని నువ్వనుకుంటున్నావు, ఉంది. ఆవిడను ఈ వారమే డాక్టరుకు చూపించుకోమను. విటమిన్ సంగతి తరవాత. నొప్పి లేదు కాబట్టి ఫరవాలేదని ఎవరైనా అంటే నమ్మొద్దని చెప్పు. ఎవరావిడ? మీ గదిలో నూలు ఆసులు చుట్టే లావుపాటావిడా? ఆవిడైతే చెప్పిన మాట వినదు, చెయ్యి పట్టుకుని నువ్వే తీసుకెళ్లు.

కరుగుతుందా అంటే ఏం చెప్పను? గాజు పళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద ఈ విటమిన్ పోస్తే వాటి పెరుగుదల మందగించిందని చదివాను. పళ్లెం వేరు, మనిషి వేరు అంటారు మా పెద్ద డాక్టరు. నేను మాత్రం ఆ ముక్క చదివిన రోజు నుంచి ఒక్క వారం కూడా గుళిక మానలేదు. భయపడ్డవాడికి గడ్డిపోచ కూడా దూలమే కదా.

నా సంగతి చెప్పనా? జూన్‌లో నాకు స్కాన్ రాశారు. రొమ్మును రెండు పలకల మధ్య పెట్టి నొక్కుతారు, ఎక్స్‌రేలాంటిదే. ఇప్పటి నుంచే రోజులు లెక్కపెడుతున్నాను. మా ల్యాబ్ బేస్‌మెంట్‌లో ఉంది, స్కాన్ గది సరిగ్గా మా నెత్తిన. పైన కుర్చీ జరిపిన చప్పుడు వినపడితే చాలు, ఎవరి కబురో అనుకుంటాను. ఏది చేసినా అమ్మ గుర్తొస్తోంది. చివర్లో ఆ గదిలోకి నన్ను నువ్వెందుకు రానివ్వలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ కోపం ఇంకా కొంచెం ఉంది, దాచుకోను.

ఎండ మానకు.

పిచ్చుక


ఏప్రిల్ 21

పిచ్చుకకు,

మానలేదు. ఐదు వారాలుగా మిట్టమధ్యాహ్నం గోడవార కూర్చుంటున్నాను, చేతులు మోచేతుల పైదాకా తెరిచి. బేళ్లు మోసేవాళ్లు మొదట్లో నవ్వారు. ఒకడు "అమ్మగారూ, ఆరేసుకుంటున్నారా" అన్నాడు. "అవున్రా, నువ్వొచ్చి తిరగెయ్యి" అన్నాను. ఇప్పుడు నేను వెళ్లేసరికి నాకోసం చోటు ఖాళీ చేసి పెడుతున్నారు. ఆదివారాలు మేడ మీద. మీ అన్నయ్య ఏమీ అడక్కుండానే ఒక కుర్చీ చేసి పెట్టాడు, వీపు చెక్క వెనక్కి వాలేట్టు. ఎందుకని అడగడు, ఆ మనిషికి మాటలు కొలతల్లోనే వస్తాయి. "పద్దెనిమిది అంగుళాలు చాలా?" అన్నాడు. చాలన్నాను.

ఆ ఆవిడకు నీ మాట చెప్పాను. చూపించుకుంటానంది, ముందు అంకె సంగతి తేలనీ అంది. ఆవిడను తప్పు పట్టకు. కత్తంటే భయం ఆవిడకు.

ఆ గది సంగతి అడిగావు. ఇన్నాళ్లకు చెబుతున్నాను. నీకప్పుడు పదిహేనేళ్లు, పరీక్షలు రాస్తున్నావు. అత్తయ్యకు కోసిన చోట పుండు మానలేదు. రోజుకు రెండుసార్లు కట్టు విప్పేదాన్ని. గుడ్డ అంటుకుపోయేది, గోరువెచ్చటి నీళ్లు పోసి నానబెట్టి తీయాలి. ఆవిడ అరిచేది కాదు, మంచం పట్టెను పట్టుకునేది. ఆ పట్టె మీద ఆవిడ గోళ్ల గాట్లు ఇప్పటికీ ఉన్నాయి, చిత్రిక పట్టి తీసెయ్యమంటే మీ అన్నయ్య తీయలేదు. ఎడమ చెయ్యి వాచి మొద్దులా అయింది. "పిల్లను రానివ్వకే" అని నా చేత ఒట్టు వేయించుకుంది. అందుకని రానివ్వలేదు. కోసినా పద్నాలుగు నెలలే బతికింది కదా. ఇదంతా చూసిన మనిషికి కత్తి అంటే ఎలా ఉంటుంది చెప్పు?

ఆ ఆవిడకు కూడా ఇలాంటిదేదో చూసిన అనుభవం ఉంది, అందుకని రాశాను.

నీ స్కాన్‌కు ధైర్యంగా వెళ్లు. నీకేం కాదు. నా మాట ఉత్తినే పోదు.

వదిన


జూన్ 10

వదినకు,

రెండు శుభవార్తలు. పెద్దది ముందు. నా స్కాన్‌లో ఏమీ లేదు. ఏమీ లేదు అని రాసిన కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, మెట్ల కింద కూర్చుని ఏడ్చాను. వాచ్‌మన్ వచ్చి ఎవరు పోయారమ్మా అని అడిగాడు. ఎవరూ పోలేదన్నాను.

రెండోది, ఈ రోజు పెట్టెలో నీ ట్యూబు వచ్చింది. పందొమ్మిది! ఏడు నుంచి పందొమ్మిది, మూడు నెలల్లో. ల్యాబ్‌లో అందరికీ చూపించాను, మా వదిన ఎండను డ్యూటీలా చేస్తుంది అని. నాది ఇరవై రెండు. మనిద్దరం గట్టెక్కాం వదినా. ఇక హాయిగా ఉండు.

ఇంకో మాట. నువ్వు ఆ గది గురించి రాసింది చదివాక మూడు రోజులు దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. ఇరవై మూడేళ్లు నీ మీద కోపం పెట్టుకుని తిరిగాను. నీకు అప్పటికి ఇరవై మూడేళ్లు కూడా నిండలేదు. ఆ వయసులో నాకు ముక్కు చీదుకోవడం రాదు.

ఆ ఆవిడ చూపించుకుందా? రాయి.

పిచ్చుక


జూలై 8

పిచ్చుకకు,

నీ కాగితం కబురు విని మేడ మీదికెళ్లి కాసేపు కూర్చున్నాను. ఇన్నేళ్లుగా ప్రతి ఏడూ నీ పుట్టినరోజుకు నేను లెక్కపెట్టుకునేది వేరే ఉంది. నువ్వు నలభై ఆరు దాటే దాకా నాకు కుదురు లేదు.

ఆ ఆవిడ చూపించుకుంది. భయం లేదన్నారట. ఇక ఆవిడ గొడవ వదిలెయ్యి.

ఇక్కడ ఒక వింత జరుగుతోంది. మూడు వారాలుగా నూలు తెగుతోంది. ముల్లు చూస్తే అరవై ఐదు మీదే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు. తుంపర ఇంకాస్త పెంచాను. డెబ్భై దాకా తీసుకెళ్లాను. తెగుతూనే ఉంది. లావుపాటావిడ "మీటరు పాడైందేమో" అంది. ఫిట్టర్ వచ్చి చూశాడు, మీటరు భేషుగ్గా ఉందట. అయినా తెగుతోంది. నా పదిహేనేళ్లలో ఇలా ఎప్పుడూ జరగలేదు. ఇంటికొచ్చినా ఆ పటుక్కుమనే చప్పుడే, అదొక్కటి మాత్రం ఎలా వినపడుతుందో ఈ చెవులకు.

నడుము పట్టేసింది. రాత్రి పడుకుంటే ఎక్కువ, నిలబడితే కొంచెం నయం. కుర్చీ వల్లనేమోనని మీ అన్నయ్య వీపు చెక్క మార్చాడు. వయసు మీద పడుతోంది మరి, అత్తయ్య వయసు వచ్చింది నాకు. సెప్టెంబర్‌లో ట్యూబు పంపిస్తాను. ముప్పై దాటించాలని పంతం పట్టాను.

వదిన


సెప్టెంబర్ 16, మంగళవారం

వదినా,

పొద్దున పెట్టె వచ్చింది. నీ అంకె ముప్పై నాలుగు. చప్పట్లు కొట్టబోయాను. కింద ఇంకో పరీక్ష రాసి ఉంది. నడుము నొప్పి అన్నావని డిస్పెన్సరీ డాక్టరు కాల్షియం కూడా చూడమన్నాడు. అది చాలా ఎక్కువ ఉంది. గుళికలు ఎక్కువ మింగావేమో, ఆపమని రాద్దామని కాగితం తీశాను. రాయలేకపోయాను. విటమిన్ ముప్పై నాలుగు ఉన్నప్పుడు దానివల్ల కాల్షియం అంత పెరగదు. ఎముక లోపలి నుంచి కరుగుతుంటే పెరుగుతుంది. పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఆ రెండంకెలు పక్కపక్కన ఎవరి కాగితాల మీద చూశానో నాకు తెలుసు.

మధ్యాహ్నం గదికి వెళ్లి నీ ఉత్తరాలన్నీ తీసి మళ్లీ చదివాను. ఎడమ రొమ్ములో, కింద, లోపలి పక్కన, నొక్కితే పక్కకు జరగదు. ఎదుటి మనిషి గడ్డ గురించి ఎవరూ అలా రాయరు వదినా. తన వేళ్లతో తడిమి చూసుకున్నవాళ్లు తప్ప.

అన్నయ్యకు ఫోను చేశాను. "బాగానే ఉంది, మేడ మీద కూర్చుంది" అన్నాడు. తనకు తెలియదని అర్థమైంది. నేను చెప్పలేదు.

ఈ ఉత్తరం పెట్టె వెనక్కి తెచ్చే డ్రైవరు చేతికి ఇస్తున్నాను. రేపు పొద్దున అతను మందుల కోసం మళ్లీ ఇక్కడికి వస్తాడు, ఒక్క ముక్క రాసి అతని చేతికివ్వు. ఎల్లుండి బస్సుకు నేను వస్తున్నాను.

ఆ ఆవిడ ఎవరు?

పిచ్చుక


సెప్టెంబర్ 17

పిచ్చుకకు,

నేనే.

డ్రైవరు టీ తాగుతున్నాడు, ఇంకో పది నిమిషాలు ఉంటాడట. అందాకా రాస్తాను.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే నీకు చెబుదామని కాగితం తీశాను. "మా అమ్మ రక్తం నీలో లేదు, నీకేం భయం లేదు" అని రాశావే, అక్కడ చెయ్యి ఆగింది. రెండు రకాలుగా ఆగింది. ఒకటి, ధైర్యం వచ్చింది. చదువుకున్న పిల్ల చెప్పింది, ఇది ఆ గడ్డ కాదేమో అనుకున్నాను. రెండోది చెబితే నవ్వుతావు. మనసు చివుక్కుమంది. అత్తయ్య కట్లు విప్పిన దాన్ని, నిన్ను బడికి పంపిన దాన్ని, నాకు పిల్లలు లేరన్న సంగతి కూడా నీవల్ల ఎంతో ఆలస్యంగా గుర్తొచ్చింది. ఏ లెక్కకీ రాకుండా పోయానా అనిపించింది. పిచ్చి ఆలోచన. నువ్వు రాసింది జబ్బు లెక్క అని నాకూ తెలుసు.

నీ తప్పు లేదు. చూపించుకోమని రాశావు, ఈ వారమే అని రాశావు. నేనే పక్కింటావిడ సంగతిలా చదువుకున్నాను. అంకె పెరుగుతోంది కదా అని కూర్చున్నాను. పందొమ్మిది వచ్చిన రోజు తడిమి చూసుకున్నాను, పెద్దదైంది. ముప్పై దాటితే తగ్గుతుందిలే అనుకున్నాను. ఇప్పుడది బఠాణీ గింజ కాదు. నిమ్మకాయంత. మీద చర్మం లోపలికి గుంజుకుపోయింది. ఆవిడకు మెత్తబడిందట అని జూలైలో రాయబోయి మానేశాను. భయం లేదన్నారని మాత్రం అబద్ధం రాశాను, దానికి నన్ను తిట్టు.

నూలు ఎందుకు తెగుతోందో పోయిన వారం తేలింది. దూదిలోనే ఉందట లోపం, పీచు పొట్టిదట, బేళ్లు వచ్చినప్పుడే చూడాల్సింది. ముల్లు తప్పేం లేదు. అరవై ఐదు అరవై ఐదే. మేం దాని వైపే చూస్తూ కూర్చున్నాం.

భయంగా ఉంది పిచ్చుకా. కత్తికి కాదు. మీ అన్నయ్యకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. నువ్వు వచ్చాక ఇద్దరం కలిసి చెబుదాం. డ్రైవరు లేచాడు.

వదిన


నవంబర్ 4

వదినకు,

నువ్వు ఇంటికి చేరావని అన్నయ్య చెప్పాడు. వెన్నెముకకు పాకిన జబ్బు మీద ఆ పది రోజుల కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకున్నాక నొప్పి కొంచెం తగ్గిందట, సగం నిద్ర పడుతోందట. మాత్రలు వేళకు వేసుకో. కోసే దశ దాటిపోయిందని వాళ్లు చెప్పినప్పుడు నువ్వు నా వైపు చూసి "హమ్మయ్య" అన్నావు. ఆ మాట నన్ను వదలడం లేదు.

నువ్వున్న ఆ రెండు వారాలూ నీ ముందు అడగలేకపోయాను. నువ్వెళ్లాక మా పెద్ద డాక్టరును అడిగాను. ఏడు ఉండటం వల్ల వచ్చిందా అని. తెలియదన్నారు. కిటికీ లేని గదిలో పదిహేనేళ్లు కూర్చున్న మనిషికి ఏడు ఉండటంలో వింత లేదు, ఆ మనిషికే గడ్డ కూడా వచ్చింది, ఒకదానివల్లే రెండోది వచ్చిందని చెప్పడానికి చేతిలో ఏమీ లేదు అన్నారు. వేలమందికి ఏళ్ల తరబడి గుళికలిచ్చి చూశారట, క్యాన్సర్ రావడం తగ్గినట్టు తేలలేదట. వచ్చిన గడ్డను ఎండ కరిగించిన దాఖలా ఎక్కడా లేదట. "మీరు ఆమెకు ఎండలో కూర్చోమని చెప్పడం తప్పు కాదు" అన్నారు. "మరి తప్పెక్కడ జరిగింది సార్" అన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు.

తప్పెక్కడ జరిగిందో నాకు తెలుసు. రక్తం తీయడానికి నీ పక్కన కూర్చున్నాను. చెయ్యి నా చేతిలో ఉంది. అప్పటికే నవంబర్ దాటి మూడు నెలలు. ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. ట్యూబులోకి చూశాను, నీ మొహంలోకి చూడలేదు. నీకేం భయం లేదు అని రాశాను, ఎవరూ అడక్కుండానే. ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఇంట్లో ఎవరికీ వచ్చి ఉండదని నాకు తెలుసు వదినా. పరీక్షకు చదివాను. మార్కులు కూడా వచ్చాయి. అది అమ్మ జబ్బు, నా జబ్బు అన్నట్టు పట్టుకుని కూర్చున్నాను, నీకు వాటా ఇవ్వలేదు.

ఆ ఉత్తరం ఇంకా నీ దగ్గర ఉంటే చింపెయ్యి.

పిచ్చుక


డిసెంబర్ 9

పిచ్చుకకు,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. పడుకునే రాస్తున్నాను, మీ అన్నయ్య అట్ట పట్టుకున్నాడు. చదవకూడదని గోడవైపు తిరిగి పట్టుకున్నాడు, పిచ్చి మారాజు. ఇప్పుడు కొంచెం మాట్లాడుతున్నాడులే. నిన్న ఏకంగా నాలుగు వాక్యాలు మాట్లాడాడు, నాలుగూ కుర్చీ గురించే. మేడ మీద నుంచి దింపనంటాడు. చెక్క ఎండకు పగులుతుందంటే, పగలనీ అంటాడు.

ఉత్తరం చింపను. నీ చేత్తో రాసినవి నా దగ్గర ఎన్నున్నాయని?

మా సెక్షన్‌లో ముగ్గురూ వెళ్లి చూపించుకున్నారు. లావుపాటావిడను నేనే బెదిరించి పంపాను, వెళ్లకపోతే పోయాక వచ్చి పీడిస్తానన్నాను. ముగ్గురికీ ఏమీ లేదు. వాళ్లు పళ్లు పట్టుకొచ్చి ఆ మాట చెప్పి, నా మొహం చూసి తల దించుకున్నారు, ఏదో తప్పు చేసినట్టు. నాకు సంతోషంగానే ఉంది. పూర్తిగా కాదు. అబద్ధాలు మానేశాను కాబట్టి ఇదీ రాస్తున్నాను. వాళ్లు గుమ్మం దాటి వెళ్తుంటే చూసి, ఆ నూలు గదిలోనే కదా అందరం కూర్చున్నాం, నాకే ఎందుకు అనుకున్నాను.

ఎన్నాళ్లని డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు. నొప్పి రోజు మార్చి రోజు వస్తోంది. అత్తయ్య మంచం మీదే పడుకుంటున్నాను. ఆ పట్టె మీద గాట్లలో నా వేళ్లు సరిగ్గా పడతాయి.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆసుపత్రిలో చేరిన రోజు నువ్వు ఏదో కాగితం కోసం కిందికి వెళ్లావు. అప్పుడు నర్సు వచ్చి నా చేత ప్రశ్నల కాగితం నింపించింది. చిన్నపిల్ల, మంచి పిల్ల, నా చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది. కుటుంబంలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా అని అడిగింది. మా అత్తయ్యకు అన్నాను. మేనత్తా, అత్తగారా అంది. అత్తగారన్నాను. "అయితే లెక్కలోకి రాదమ్మా, రక్తసంబంధం ఉండాలి" అని, లేరు అని రాసింది. కలం ఇలా ఇవ్వమ్మా అన్నాను. లేరు అన్న మాట పక్కన, మా అత్తయ్య, నలభై ఆరేళ్లు, నేనే చూసుకున్నాను అని రాశాను. ఆ పిల్ల దాన్ని చదివింది. కొట్టెయ్యలేదు.

వచ్చే జూన్‌లో నీకు మళ్లీ స్కాన్ ఉంది. నేనున్నా లేకపోయినా మానకు. అదే కాగితం నీ ముందూ పెడతారు. మొదటి గీత మీద అమ్మ అని రాస్తావు. దాని కింద ఇంకో గీత ఖాళీగా ఉంటుంది, నేను చూశాను. అక్కడ వదిన అని రాయి. లెక్కలోకి రాదంటారు. అయినా రాయి.

వదిన